ఎఫ్.ఏ. తప్పిన ఎఫ్.ఆర్.ఎస్.

పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో ఏ హాస్టలు వరండాలో చూసినా ఒక చర్చ వినబడుతుంది. ఫలానా యూనివర్సిటీలో మార్కులు చేటలతో పోస్తారట, మన దగ్గర మాత్రం చెంచాతో కొలిచి వేస్తారట. అక్కడ ఫస్టు క్లాసు కొట్టినవాడు మన పేపరు రాస్తే గట్టెక్కడమే గగనమట. అధ్యాపకుల గదిలోనూ ఇదే చర్చ జరుగుతుంది, కాకపోతే అక్కడ బాధ వేరు. మనం నిక్కచ్చిగా దిద్దుతున్నందుకు మన పిల్లలు బయటి సీట్ల పోటీలో నష్టపోతున్నారా, లేక మెతకగా దిద్దితే మన డిగ్రీకి విలువ తగ్గిపోతుందా అని.

ఈ తర్కం ఈనాటిది కాదు. మన దేశంలో విశ్వవిద్యాలయాలు పుట్టిన మరుసటి ఏటి నుంచే ఉంది. 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. 1858లో కలకత్తా వారు మొట్టమొదటి బి.ఏ. పరీక్ష పెడితే పదిమంది కూర్చున్నారు. నిబంధన ప్రకారం చూస్తే ఒక్కరూ నెగ్గలేదు. ఇద్దరు మాత్రం ఆరు సబ్జెక్టుల్లో ఐదింట గట్టెక్కి, ఆరోదానిలో ఏడు మార్కులకు మించని తేడాతో ఆగిపోయారు. సిండికేటు ఆ కాసిని మార్కులూ కలిపి ఇద్దరినీ పాసు చేయించింది. ఆ ఇద్దరిలో ఒకరు జదునాథ్ బోస్. రెండో ఆయన వందేమాతరం రాసిన బంకించంద్ర ఛటర్జీ. అంటే మన దేశపు తొలి పట్టభద్రులు గ్రేసు మార్కులతో బయటపడినవారే అన్నమాట!

ఆ కలకత్తాకు తోబుట్టువైన మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలో, అర్ధ శతాబ్దం తర్వాత, మళ్ళీ మళ్ళీ తప్పిన ఒక కుర్రవాడి కథ ఇది. అతని పేరు తెలియని విద్యార్థి ఉండడు. శ్రీనివాస రామానుజన్. ఆయన గణితాన్ని గురించి ఎందరో రాశారు. ఆయన మార్కులను గురించి చెప్పుకోవడం మనలాంటి వాళ్ళకు ఎక్కువ అవసరం.

ఒక్క మార్కు తేడా

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మ గారింట్లో పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో, సారంగపాణి సన్నిధి వీధిలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ ఒక బట్టల కొట్లో గుమాస్తా. జీతం నెలకు ఇరవై రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేది. సంప్రదాయం నిండుగానూ చేతిలో డబ్బు తక్కువగానూ ఉన్న ఇల్లు.

చిన్నప్పుడు అతను అన్ని సబ్జెక్టుల్లోనూ మంచి విద్యార్థే. 1897లో ప్రైమరీ పరీక్ష రాసి జిల్లాకంతటికీ మొదటివాడుగా వచ్చాడు. ఆ వయసులోనే లెక్కల పరీక్షలో ఒక సహపాఠికి 45కి 43 వచ్చి తనకు 42 వచ్చాయని అలిగి, ఆ కుర్రవాడితో మాట్లాడడం మానేసి, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడట. కాబట్టి మార్కులంటే లెక్కలేని మనిషి అని అతన్ని గురించి అనుకోకూడదు. ఒక్క మార్కు తగ్గినా తట్టుకోలేని పిల్లవాడు.

1898లో టౌన్ హైస్కూలులో సగం ఫీజు రాయితీ మీద చేరాడు. పై తరగతుల వాళ్ళు కూడా లెక్కలు చెప్పించుకోవడానికి అతని దగ్గరికి వచ్చేవారు. 1904లో బడి వదిలే నాటికి గణితంలో రంగనాథరావు బహుమతి వచ్చింది. ఆ సభలో హెడ్మాస్టరు కృష్ణస్వామి అయ్యరు, ఈ కుర్రవాడికి నూటికి నూరు వేసినా తక్కువే, కొలబద్దే చాలదు అన్న అర్థం వచ్చేటట్టు పరిచయం చేశారు. సర్టిఫికెట్టులో రాయడానికి వీలులేని మార్కు అది. ఆ తర్వాత నాలుగేళ్ళు గడవకముందే అదే కుర్రవాడు ఇంటర్మీడియట్ స్థాయి పరీక్షను దాటలేక చతికిలబడ్డాడు.

ఇంతకీ ఏం జరిగింది?

ఒక పుస్తకం చేసిన పని

1903లో, పదహారో ఏట అడుగుపెడుతూండగా, రామానుజన్‌కు జి.ఎస్. కార్ అనే ఆయన కూర్చిన సినాప్సిస్ అనే లావుపాటి పుస్తకం అరువుగా దొరికింది. సుమారు ఐదువేల సిద్ధాంతాలు, సూత్రాలు వరుసగా అచ్చేసిన పుస్తకం అది. నిరూపణలు చాలాచోట్ల లేవు, ఉన్నచోట ఒకటి రెండు మాటలే. కార్ లండన్‌లో ట్యూషన్లు చెప్పిన మాస్టారు. కేంబ్రిడ్జిలో మ్యాథమెటికల్ ట్రైపాస్ అనే భయంకరమైన పరీక్షకు విద్యార్థులను తయారుచేయడానికి వాడుకున్న నోట్సే ఆ పుస్తకానికి మూలం. మన భాషలో చెప్పాలంటే అదొక పరీక్షల గైడు.

వింత ఏమిటంటే, కేంబ్రిడ్జి పరీక్ష గట్టెక్కించడానికి పుట్టిన ఆ గైడే రామానుజన్‌ను మద్రాసు పరీక్షకు దూరం చేసింది. ఇచ్చిన ప్రతి ఫలితాన్నీ తనే నిరూపించుకోవాలని కూర్చున్నాడు. నిరూపించుకుంటూ కొత్తవి కనిపెట్టడం మొదలుపెట్టాడు. ఇక మిగతా సబ్జెక్టుల మీద మనసు నిలవలేదు.

1904లో సుబ్రహ్మణ్యం స్కాలర్‌షిప్పు మీద కుంభకోణం గవర్నమెంటు కాలేజీలో ఎఫ్.ఏ.లో చేరాడు. దక్షిణ భారత కేంబ్రిడ్జి అని ఆ కాలేజీకి పేరు. ఎఫ్.ఏ. అంటే మెట్రిక్యులేషన్‌కూ బి.ఏ.కూ నడుమ ఉండే రెండేళ్ళ చదువు. గణితంతోపాటు ఇంగ్లీషు, సంస్కృతం, శరీరశాస్త్రం, గ్రీకు రోమను చరిత్ర చదవాలి. అన్నిటిలోనూ విడివిడిగా నెగ్గాలి. ఒకదానిలో వందకు వంద వచ్చినా, ఇంకొకదానిలో తప్పితే మొత్తం తప్పినట్టే.

రామానుజన్ చరిత్ర క్లాసులోనూ లెక్కలే, శరీరశాస్త్రం క్లాసులోనూ లెక్కలే చేసుకునేవాడు. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పాడు. స్కాలర్‌షిప్పు పోయింది. తల్లి వెళ్ళి ప్రిన్సిపాలును బతిమాలింది. రూలు రూలే అన్నారు. టరముకు ముప్పై రెండు రూపాయల ఫీజు, అంటే తండ్రి నెలన్నర జీతం. కొన్నాళ్ళు ఎలాగో లాక్కొచ్చారు. చివరికి 1905 ఆగస్టులో ఆ కుర్రవాడు ఎవరికీ చెప్పకుండా రైలెక్కి ఇల్లు విడిచి పోయాడు.

పోయింది ఎక్కడికి? మన విశాఖపట్నానికి. అప్పటికి విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టడానికి ఇంకా 21 ఏళ్ళున్నాయి. రాజమండ్రి, బందరు, విజయనగరం కాలేజీల్లో చదివే తెలుగు పిల్లలు కూడా ఆ మద్రాసు పేపర్లే రాసి, ఆ నిబంధన కిందే తప్పేవారు, నెగ్గేవారు. తల్లిదండ్రులు కొడుకు కనబడడం లేదని హిందూ పత్రికలో వేయించారు. సెప్టెంబరులో ఇంటికి చేరాడు. కాలేజీకి తిరిగి వెళ్ళినా హాజరు చాలక ఆ ఏడు పోయింది. తర్వాతి కాలంలో వేలాదిమంది డిగ్రీ కోసం వచ్చిన ఊరికి, పద్ధెనిమిదేళ్ళు నిండని రామానుజన్ ఆనాడు పరీక్షలకు భయపడి పారిపోయి వచ్చాడు. ఫలితాలు వెలువడే రోజుల్లో నేటికీ పత్రికల్లో వచ్చే వార్తలు చూసినవారికి, అతను తిరిగి ఇల్లు చేరడం ఎంత పెద్ద విషయమో వేరే చెప్పనక్కర్లేదు.

మూడో ప్రయత్నం కూడా

1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో మళ్ళీ చేరాడు. అక్కడి లెక్కల మాస్టారు బోర్డు మీద పది పన్నెండు మెట్లలో చేసిన లెక్కను ఇతను లేచి మూడు నాలుగు మెట్లలో ముగించేవాడు. మూడు గంటల లెక్కల పేపరు అరగంటలో అయిపోయేదని చెప్పుకునేవారు. కాని శరీరశాస్త్రం ఉందిగదా! శుద్ధ శాకాహారి అయిన అయ్యంగార్ల పిల్లవాడికి జంతువుల పేగులు, కోతలు అసలు పడలేదు. ఆ పేపరులో నూటికి పది కూడా దాటలేదు. మధ్యలో జబ్బుచేసి కొన్నాళ్ళు కుంభకోణంలో ఉండిపోయాడు. 1906 డిసెంబరులో పరీక్షకు కూర్చుని తప్పాడు. 1907లో ప్రైవేటుగా కట్టి మళ్ళీ తప్పాడు. దాంతో అతని కాలేజీ చదువు ముగిసింది.

ఇక్కడ పరీక్షకుణ్ణి తిట్టడం సులువు. కాని న్యాయంగా ఆలోచిద్దాం. మద్రాసు విశ్వవిద్యాలయం ఆ రోజుల్లో ప్రధానంగా పరీక్షలు పెట్టే సంస్థ. పాఠం చెప్పేది ఎక్కడో కుంభకోణంలో, పేపరు దిద్దేది ఇంకెక్కడో. శరీరశాస్త్రం పేపరు దిద్దే మనిషి చేతిలో ఉన్నది ఒక నంబరు, కొన్ని తప్పుడు జవాబులు మాత్రమే. ఆ నంబరు వెనక ఎవరున్నారో తెలియకూడదన్నదే ఆ పద్ధతి. తెలిస్తే సిఫార్సులు మొదలవుతాయి. ఆ పేపరుకు ఎక్కువ మార్కులు వేసి ఉంటే అది అన్యాయమే అయ్యేది. బంకించంద్రకు తగ్గినవి ఏడు మార్కులలోపు. రామానుజన్‌కు తగ్గినవి గ్రేసుతో పూడే గొయ్యి కాదు.

అంటే దిద్దిన చేతిలో తప్పు లేదు. అన్ని కొమ్మలూ ఒకే ఎత్తున పెరగాలన్న నిబంధనలోనే ఉంది చిక్కంతా. సగటు విద్యార్థికి ఆ నిబంధన మేలే చేసి ఉండవచ్చు, నాలుగు విషయాలు తెలిసేటట్టు చేసింది. ఒకే దిక్కుకు విపరీతంగా పెరిగిన చెట్టును మాత్రం అది చూడలేకపోయింది.

నెల్లూరు కలెక్టరు గారి దగ్గర

తర్వాతి మూడేళ్ళూ పేదరికమే. ట్యూషన్లు చెప్పబోతే కుదరలేదు. పిల్లలకు కావలసింది సిలబసు, ఇతను చెప్పేది తన మనసుకు తోచినది. 1909లో జానకితో పెళ్ళయింది. ఇక ఉద్యోగం తప్పనిసరి. చేతిలో డిగ్రీ లేదు, ఉన్నవి నోటుబుక్కులు. వాటినే సర్టిఫికెట్లుగా చంకన పెట్టుకుని ఊరూరా తిరిగాడు.

1910లో తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యరును కలిశాడు. మూడేళ్ళ కిందట ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీని స్థాపించిన ఆయన ఈయనే. నోటుబుక్కు చూసి, ఇలాంటివాణ్ణి తాలూకా కచేరీలో గుమాస్తాగా వేస్తే పాపం అనుకుని మద్రాసు మిత్రులకు ఉత్తరాలిచ్చి పంపారు. అలా చేరింది నెల్లూరు జిల్లా కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారి దగ్గరికి. ఆయన కూడా గణితం తెలిసినవారు, ఆ సొసైటీ కార్యదర్శి. మొదట ఈ కుర్రవాడు నిజమైనవాడేనా అని సందేహపడ్డారు. రెండు మూడుసార్లు కూర్చోబెట్టి చెప్పించుకున్నాక సందేహం తీరింది. ఏం కావాలని అడిగితే, లెక్కలు చేసుకోవడానికి కడుపుకింత తిండి, తీరిక కావాలన్నాడు. రావు గారు నెలకు ఇరవై ఐదు రూపాయలు తన సొంత డబ్బులోంచి ఇచ్చారు. విశ్వవిద్యాలయం దిద్దలేని పేపరును ఒక కలెక్టరు తన ఇంట్లో కూర్చుని దిద్దాడన్నమాట.

ఎల్లకాలం ఒకరి సొమ్ము మీద బతకడం రామానుజన్‌కు ఇష్టం లేకపోయింది. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో ముప్పై రూపాయల గుమాస్తాగా చేరాడు. అక్కడి ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్, మేనేజరు నారాయణ అయ్యరు అతని విలువ ఎరిగినవారు. 1913 జనవరి 16న కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలోని జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశాడు. తనకు విశ్వవిద్యాలయ విద్య లేదని మొదట్లోనే చెప్పుకుని, సుమారు 120 సిద్ధాంతాలను జతచేశాడు. అంతకుముందు అక్కడే ఇద్దరు పేరుమోసిన గణితజ్ఞులకు రాస్తే ఉపయోగం లేకపోయింది. హార్డీ మాత్రం తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి ఒక రాత్రి కూర్చుని చదివి, ఇతను మోసగాడు కాడు, మహామేధావి అని తేల్చాడు.

సిండికేటు మనసు మార్చుకున్న రోజు

ఇక్కడినుంచి జరిగినదాన్ని మనవాళ్ళు తరచు కేంబ్రిడ్జి ఘనతగా మాత్రమే చెబుతారు. అది పూర్తి న్యాయం కాదు. కేంబ్రిడ్జి కంటే ముందు తలుపు తీసింది, అతన్ని తప్పించిన మద్రాసు విశ్వవిద్యాలయమే.

1913 ఫిబ్రవరిలో సిమ్లా నుంచి వాతావరణ పరిశోధనశాలల అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసుకు వచ్చి రామానుజన్ పని చూశాడు. ఆ వాకర్ 1889లో కేంబ్రిడ్జి ట్రైపాస్‌లో అందరికంటే ముందు నిలిచిన సీనియర్ రాంగ్లర్. అంతటి పరీక్షావీరుడు, ఎఫ్.ఏ. తప్పిన గుమాస్తాకు పరిశోధన చేసుకునే వీలు కల్పించమని రిజిస్ట్రారుకు ఉత్తరం రాశాడు. ఇంజినీరింగు కాలేజీ గణితాచార్యులు బి. హనుమంతరావు గారు మార్చి 19న బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ను సమావేశపరిచారు. నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్ళపాటు స్కాలర్‌షిప్పు ఇవ్వాలని బోర్డు సిఫార్సు చేసింది.

మళ్ళీ నిబంధన అడ్డొచ్చింది. పరిశోధక స్కాలర్‌షిప్పు మాస్టర్ డిగ్రీ ఉన్నవారికే. ఇతనికి ఎఫ్.ఏ. కూడా లేదు. ఇలాంటి స్కాలర్‌షిప్పుకు తమ నిబంధనల్లో చోటు లేదని సిండికేటే కాగితం మీద ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకోలేదు. విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన చట్టాన్నీ, 1904 నాటి యూనివర్సిటీల చట్టాన్నీ తిరగేసింది. విద్యనూ పరిశోధననూ పెంపొందించడం విశ్వవిద్యాలయం పని కనుక గవర్నరు అనుమతితో ఇవ్వవచ్చునని ఏప్రిల్ 7న దారి వేసింది. మే 1 నుంచి స్కాలర్‌షిప్పు మొదలైంది. షరతు ఒక్కటే. మూడు నెలలకోసారి ఏం చేశాడో రాసి సమర్పించాలి. ఆ నివేదికలు మూడు సమర్పించాడు.

ఆరేళ్ళ తేడాతో ఒకే విశ్వవిద్యాలయం, ఒకే మనిషి విషయంలో చేసిన రెండు పనులివి. 1907లో శరీరశాస్త్రం పేపరు ముందు పెట్టుకుని తప్పించింది. 1913లో నోటుబుక్కు ముందు పెట్టుకుని ఏ పరీక్షా లేకుండా పరిశోధకుణ్ణి చేసింది. శరీరశాస్త్రం మార్కులను దిద్దలేదు, వాటి జోలికే పోలేదు. అవి అలాగే ఉండగా, అవి కొలవలేనిది ఒకటుందని ఒప్పుకుంది. మనం గర్వపడదగిన ఘట్టం ఇది.

కేంబ్రిడ్జి కొలత

1914 మార్చి 17న రామానుజన్ మద్రాసులో ఓడెక్కాడు. ఏటా 250 పౌన్లు మద్రాసు విశ్వవిద్యాలయమే ఇచ్చింది, ట్రినిటీ కాలేజీ 60 పౌన్లు కలిపింది. అతను వెళ్ళిన కేంబ్రిడ్జి మెతక విశ్వవిద్యాలయం అనుకుంటే పొరపాటు. అక్కడి ట్రైపాస్ పరీక్ష ముందు మన ఎఫ్.ఏ. ఆటలాంటిది. 1909 వరకూ ఫస్టు క్లాసు వాళ్ళను రాంగ్లర్లంటూ ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లతో బహిరంగంగా ప్రకటించేవారు. ఆ నంబరు జీవితాంతం వెంట వచ్చేది. 1899లో మన రఘునాథ పురుషోత్తమ పరాంజపే సీనియర్ రాంగ్లర్ స్థానం పంచుకుంటే దేశమంతా పొంగిపోయింది. హార్డీ స్వయంగా 1898లో నాలుగో రాంగ్లర్. కాని ట్యూషను మాస్టర్ల చేతిలో ఎత్తులు, జిత్తులు నేర్చుకుని నెగ్గే ఆ పద్ధతి ఇంగ్లండు గణితాన్ని ఎండగట్టిందని ఆయన నమ్మాడు. ఆ వరుస నంబర్లను ఎత్తివేయించిన వారిలో ఆయన ఒకడు. 1926లో కూడా గణిత సంఘం అధ్యక్షుడిగా ట్రైపాస్‌కు వ్యతిరేకంగానే ఉపన్యసించాడు. పరీక్షలో ఓడినవాడు పరీక్షను తిడితే అక్కసు అంటారు. హార్డీ నెగ్గి వచ్చి తిట్టాడు.

రామానుజన్ ట్రైపాస్ రాయలేదు. పరిశోధనతో డిగ్రీ ఇచ్చే పక్కదారి కేంబ్రిడ్జిలో 1895 నుంచి ఉంది. దానికీ ముందు చదువు అర్హత కావాలి. అది సడలించి చేర్చుకున్నారు. అంతమాత్రాన కఠినత్వం తగ్గలేదు, చోటు మారింది. హార్డీకి రాసిన మొదటి ఉత్తరంలో ప్రధాన సంఖ్యలను గురించి అతను చెప్పిన వాటిలో తప్పులున్నాయి. నిజమని తోచడం వేరు, నిరూపించడం వేరు. ఇంగ్లీషులో తప్పినా, శరీరశాస్త్రం రాకపోయినా కేంబ్రిడ్జికి పట్టలేదు గాని, నిరూపణలో ఒక్క మెట్టు జారినా హార్డీ ఊరుకోలేదు. ఊరుకోకుండానే, అతని సహజమైన చూపు దెబ్బతినకుండా ఎంతవరకు నేర్పాలా అని నిత్యం ఆలోచించేవాడు. బహు సంయుక్త సంఖ్యల మీద రాసిన దీర్ఘ వ్యాసానికి 1916 మార్చిలో రామానుజన్‌కు పరిశోధనతో బి.ఏ. ఇచ్చారు. ఎఫ్.ఏ. లేని బి.ఏ. అది.

తర్వాత అతను, హార్డీ కలిసి ఒక సంఖ్యను ఎన్ని విధాలుగా కూడికలుగా విడగొట్టవచ్చో చెప్పే సూత్రం సాధించారు. మేజర్ మెక్‌మెహన్ శ్రమపడి చేతితో లెక్కించి 200కు అలాంటి విభజనలు 39,72,99,90,29,388 అని తేల్చిపెట్టాడు. ఆ అంకెకు తమ సూత్రం సరిగ్గా నప్పింది. పరీక్షలో మూల్యాంకనం అంటే ఇంతకన్నా నిక్కచ్చిగా ఎక్కడ ఉంటుంది?

అయినా కేంబ్రిడ్జిలోనూ అతను ఒకసారి తప్పాడు. 1917లో ట్రినిటీ ఫెలోషిప్పుకు పేరు వస్తే కాలేజీ కాదంది. యుద్ధకాలపు కాలేజీ రాజకీయాలు, తెల్లవాడు కాదన్న చిన్నచూపు అక్కడ పనిచేశాయి. అదే ఏడు జబ్బుపడి ఆస్పత్రుల పాలయ్యాడు. శాకాహారం దొరకని చలిదేశం, యుద్ధపు కరువు, ఒంటరితనం అన్నీ కలిసి మనిషిని కుంగదీశాయి. 1918 మేలో రాయల్ సొసైటీ అతన్ని ఫెలోగా ఎన్నుకుంది. 1841లో ఎన్నికైన ఆర్దేశిర్ కర్సెట్‌జీ తర్వాత ఆ గౌరవం పొందిన రెండో భారతీయుడు ఇతనే. ఆ తర్వాత అదే ఏడు అక్టోబరులో ట్రినిటీ కూడా ఫెలోషిప్పు ఇచ్చింది. మనిషి మారలేదు, గణితం మారలేదు. పేరు పక్కన ఎఫ్.ఆర్.ఎస్. చేరేసరికి కాదన్నవాళ్ళకు నోరు పెగల్లేదు. మార్కులు వేసే చేతుల్లో లోపం మనకే పరిమితం కాదని ఇందువల్ల తెలుస్తుంది.

ఎవరు కఠినులు?

హార్డీ సరదాగా గణితజ్ఞులకు ప్రతిభను బట్టి మార్కులు వేశాడని పాల్ ఎర్డోష్ చెప్పేవాడు. తనకు 25, లిటిల్‌వుడ్‌కు 30, జర్మనీలో మహామహుడైన హిల్బర్టుకు 80, రామానుజన్‌కు 100. కుంభకోణం హెడ్మాస్టరు గారు చూస్తే ఈ నూరు కూడా తక్కువే అనేవారేమో.

ఏ విశ్వవిద్యాలయం కఠినం, ఏది మెతక అని మనం తగువులాడుకునేటప్పుడు ఈ జీవితం గుర్తుపెట్టుకోవడం మంచిది. కలకత్తా ఏడు మార్కులు కలిపి మెతకగా ఉంది, నష్టమేమీ రాలేదు. మద్రాసు నిబంధన దగ్గర కఠినంగా ఉండి ఒక మేధావిని వీధిలో నిలబెట్టింది, ఆ తర్వాత అదే నిబంధన దాటి అతన్ని నిలబెట్టింది. కేంబ్రిడ్జి అర్హత దగ్గర సడలించి, నిరూపణ దగ్గర బిగించింది. కాబట్టి అడగవలసింది ఎంత కఠినం అని కాదు, దేని దగ్గర కఠినం అని. తెలిసిందా తెలియదా అన్నచోట బిగువుగా ఉండి, ఏ దారిన వచ్చావన్నచోట చేయి చాపే విశ్వవిద్యాలయానికి డిగ్రీ విలువ తగ్గుతుందన్న భయం అక్కర్లేదు.

నేడు సెమిస్టర్లు, క్రెడిట్లు, గ్రేడు పాయింట్లు వచ్చాయి. ఒక సబ్జెక్టు తప్పితే చదువంతా ఆగిపోయే రోజులు చాలావరకు పోయాయి, బ్యాక్‌లాగు వెంటబెట్టుకుని పై తరగతికి వెళ్ళవచ్చు. అంతవరకు మేలే. కాని పాయింట్ల పట్టికలో కనబడని నోటుబుక్కు ఒకటి ఏ విద్యార్థి చంకనైనా ఉండవచ్చు. దాన్ని తెరిచి చూసే రామస్వామి అయ్యర్లు, రామచంద్రరావులు, హనుమంతరావులు కాలేజీకి ఒకరైనా ఉండాలి. ప్రతి తప్పినవాడూ రామానుజన్ కాడు, నిజమే. వంద నోటుబుక్కులు తెరిస్తే ఒకటి కూడా తగలకపోవచ్చు. అయినా తెరవవలసిందే. రామచంద్రరావు గారు కూడా మొదటిరోజు సందేహంతోనే తెరిచారు.

చివరగా ఒక విషయం. 1918 చివర్లో మద్రాసు విశ్వవిద్యాలయం రామానుజన్‌కు ఏటా 250 పౌన్ల చొప్పున ఐదేళ్ళపాటు ఇస్తామని ఏ షరతూ లేకుండా తెలియజేసింది. 1919 జనవరి 11న ఆస్పత్రి మంచం మీదినుంచి అతను రిజిస్ట్రారుకు జవాబు రాశాడు. అంత డబ్బు తన అవసరాలకు ఎక్కువన్నాడు. ఏటా 50 పౌన్లు తల్లిదండ్రులకు పంపమన్నాడు. తన ఖర్చులు పోను మిగిలింది పేద పిల్లలకు, అనాథలకు చదువు కోసం, బడిఫీజుల రాయితీకి, పుస్తకాలకు వాడమని కోరాడు. ఆ మార్చిలో స్వదేశం చేరాడు. జబ్బు తగ్గలేదు. పడకలోనే గణితం చేస్తూ 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో ముప్పై రెండేళ్ళకే కన్నుమూశాడు. ఆ చివరి కాగితాలు కొన్ని 1976లో ట్రినిటీ గ్రంథాలయంలో బయటపడ్డాయి. అప్పటినుంచి ప్రపంచ గణితజ్ఞులు వాటిని దిద్దుతూనే ఉన్నారు. అతన్ని రెండుసార్లు తప్పించిన మద్రాసు విశ్వవిద్యాలయంలో అతని పేరిట ఉన్నత గణిత అధ్యయన సంస్థ వెలిసింది.

టరముకు ముప్పై రెండు రూపాయలు కట్టలేక రైలెక్కి విశాఖకు పారిపోయిన కుర్రవాడు, చేతికి డబ్బు వచ్చిన రోజున మొదట తలచుకున్నది ఫీజు కట్టలేని పిల్లలను. వాళ్ళకు ఎన్ని మార్కులు రావాలో ఆ ఉత్తరంలో రాయలేదు.